ఏడవని పిల్ల

నేను పశువుల ఆసుపత్రిలో సూదులు వేసేవాణ్ణి. డాక్టర్ని కాను. ఇరవై ఏళ్లుగా నర్సీపట్నం చుట్టుపక్కల గేదెలకీ మేకలకీ కుక్కలకీ సూదులు పొడుస్తున్నాను, దూడ అడ్డం తిరిగితే మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగుతున్నాను, అయినా డాక్టర్ని కాను. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఆదివారం జరిగిందంతా దీని దగ్గరే మొదలైంది.

మేం ముగ్గురం. పదో తరగతి దాకా ఒకే బెంచీ. ఒకడికి మెయిన్ రోడ్డులో సెల్‌ఫోన్ల షాపుంది. కారు వాడిదే. కంటికేది కనబడినా వీడియో తియ్యడం వాడికి జబ్బు. రెండోవాడు రైతు. ఊరి బయట కొంచెం చెరుకు, మెట్టమీద జీడితోట. పెళ్లి చేసుకోలేదు. తోటలోని పాకలోనే వండుకుని అక్కడే పడుకుంటాడు. వాడితోపాటు ఆ పాకలో ఉండే ఇంకో ప్రాణి ఒక నాటుకుక్క. అది అంతకుముందు నెల లారీ కింద పడింది. మూడు రోజులు వాడు బజారుకి రాలేదు, ఫోనెత్తలేదు. నాలుగో రోజు నా దగ్గరకొచ్చి, "ఒరే, ఈపాలి రేసు కుక్కని పెంచుతాను. సిన్నప్పుట్నించీ ఆశ. నువ్వు కూడా రావాల. నీకైతే తెలుస్తాది," అన్నాడు.

రేసు కుక్కంటే గ్రేహౌండ్. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు. మా వైపు ఇద్దరు ముగ్గురు వీటిని ఈనించి పిల్లల్ని అమ్ముతారు. కొనేవాళ్లు కుందేళ్ల మీదికి వదులుతారు. అది నేరమని అందరికీ తెలుసు కాబట్టి ఆ మాట ఎవరూ ఎత్తరు.

బయల్దేరే ముందు రైతు జేబులోంచి ఎర్రటి తోలు పట్టీ తీసి చూపించాడు. చెప్పులు కుట్టే ఆయన చేత చేయించాడట. పిల్ల మెడకి సరిపోయేలా ఒక కన్నం, అది పెరిగేకొద్దీ వదులు చెయ్యడానికి ఇంకో ఆరు కన్నాలు. కుక్క ఇంకా దొరకనే లేదు, ఏడు కన్నాల పట్టీ మాత్రం సిద్ధం. నేను నవ్వాను. అది మంచి నవ్వు కాదు.

మొదట రావికమతం వైపు వెళ్లాం. జీడిపళ్ల కాలం, కారద్దం దించితే ఆ పులిసిన తీపి వాసన లోపలికి కొడుతోంది. ఫారమంటే ఏదో అనుకున్నాను. రేకుల షెడ్డు, దాని పక్కన తోట పొడుగునా ఆకుపచ్చ వల కట్టిన దారి, కుక్కలు పరిగెత్తడానికి. ఒక డ్రమ్ములో కోడి తలకాయలు ఉడుకుతున్నాయి. మూలనొక ఆడకుక్క మూరెడు గొలుసుకి కట్టేసి ఉంది. చన్నులు నేలకి వేలాడుతున్నాయి, పడుకుంటే గొలుసు మెడకి బిగుస్తుందని నిలబడే కునుకుతోంది. ఎన్ని కాన్పులని అడిగితే, ఎదకొచ్చిన ప్రతిసారీ అన్నాడు ఆ ఫారమాయన.

"పరిగెట్టనివి ఏం చేస్తారండీ?" అనడిగాను.

"ఏటి సేత్తాం బాబూ. బండిలో ఎక్కించి ఘాటీ రోడ్డులో దింపీసి వచ్చెత్తాం. కొండ మీద గాలి మంచిది," అని నవ్వాడు. మావాళ్లు కూడా నవ్వారు.

తర్వాత ఆయన పిల్లల్ని తెచ్చాడు, నలభై అయిదు రోజులవి. ఒక్కొక్కదాన్నీ తోక పట్టి గాల్లోకి ఎత్తాడు. పిల్లల్ని ఏరుకోవడం ఇలాగేనట. కుయ్యోమంటే పిరికిది, పక్కన పెట్టేస్తారు. నోరెత్తకుండా వేలాడితే గట్టిది, రేసుకి పనికొస్తుంది. అన్నీ కుయ్యోమన్నాయి. రైతు మొహం వాడిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "నొప్పి పుడితే ఏడుస్తుందిరా. ఆరోగ్యమున్న పిల్లే ఏడుస్తుంది. ఏడవలేదంటే అది ధైర్యం కాదు, దానికి ఒంట్లో బాగోలేదని," అన్నాను.

ఫారమాయన చేతిలో పిల్లని దించి, చాలా మర్యాదగా, "తమరు డాక్టరుగారాండీ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా రైతు అందుకున్నాడు. "డాక్టరేటండీ! డాక్టరుగారి సంచీ మోసేవోడు. గేదెలికి సూదులేత్తాడు. ఈడికి కుక్కల గురించి ఏటి తెలుసు?"

అందరూ నవ్వారు. ఆ డ్రమ్ము దగ్గర కట్టెలు ఎగదోస్తున్న ముసలమ్మ కూడా నోటికి కొంగడ్డం పెట్టుకుంది. రైతు ఆ మాట కావాలని అన్నాడని ఇప్పటికీ అనుకోను. కొత్తవాళ్ల ముందు మెప్పు కోసం నోటికొచ్చింది అనేశాడు, అంతే. కానీ సెల్‌ఫోన్లవాడు ఎప్పటిలాగే వీడియో తీస్తున్నాడు. కారెక్కాక ఆ ముక్క మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ ఇద్దరూ పడీ పడీ నవ్వారు. మూడోసారి నేను కూడా నవ్వాను, నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని.

మళ్లీ నర్సీపట్నం మీదుగా కోటవురట్ల వైపు వెళ్లాం. అక్కడున్న రెండు పిల్లలూ ఎప్పుడో అమ్ముడుపోయాయి. రైతు ఉత్త చేతులతో వల పట్టుకుని నిలబడి పెద్ద కుక్కలు పరిగెత్తడం చూశాడు. మిఠాయి కొట్టు ముందు నిలబెట్టిన పిల్లాడి మొహంలా ఉంది. జాలి పడాల్సింది. పడలేదు. దారిలో టిఫిన్ దగ్గర కూడా నేను మాట్లాడలేదు. "ఈడికి కోపమొచ్చిందిరా," అన్నాడు సెల్‌ఫోన్లవాడు. "డాక్టరుగారికి రెండు గారెలెక్కువెయ్యండి," అని సర్వర్‌కి చెప్పాడు రైతు.

మూడోది ఏటికొప్పాక దగ్గర, వరాహ నదికి కొంచెం ఇవతల. ఆ ఇంటి అన్న లక్కబొమ్మలు చేస్తాడు, తమ్ముడు కుక్కల్ని పెంచుతాడు. బొమ్మలు చెక్కగా రాలిన అంకుడు కర్ర పొట్టునే కుక్కపిల్లల కింద పరిచారు. మెత్తగా, తెల్లగా, శుభ్రంగా ఉంది. మూడిట్లోకీ అదే బాగున్న చోటు. అందుకే ఆ వాసన నాకు వెంటనే తెలిసింది. ఆ వాసన ఒకసారి ముక్కుకి పడితే ఇక మర్చిపోలేం. పార్వో. కుక్కపిల్లల పేగుల్ని తినేసే రోగం.

తమ్ముడికి తెలియదు. నిన్నటి నుంచి ఒకటి సరిగా పాలు తాగడం లేదు, ఎండ దెబ్బేమో అన్నాడు. అయిదు పిల్లలు. తోక పట్టి ఎత్తాడు. నాలుగు గొల్లుమన్నాయి. అయిదోది, లేత ఇసుక రంగుది, మొహం మీద తెల్ల చార ఉన్నది, వేలాడింది. కిక్కురుమనలేదు.

రైతు ఊపిరి బిగబట్టాడు. "ఇదేరా," అన్నాడు. "ఇదే."

పిల్లని రెండు చేతులా పట్టుకుని, పట్టీ కట్టబోయి, ఆగి, నా దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "ఒరే, పొద్దున్న ఏదో నోరు జారీసేను. మనసులో ఎట్టుకోకు. నువ్వు సూసి సెప్పు. నువ్వు బాగుందంటేనే తీసుకుంటాను. లేపోతే వొద్దు."

అంతకన్నా ఏ మనిషైనా ఏం అడుగుతాడు? వాడు తప్పు ఒప్పుకున్నాడు. నిర్ణయం నా చేతిలో పెట్టాడు. నేను పిల్లని తీసుకున్నాను. చెవులు చల్లగా ఉన్నాయి. మెడ మీద తోలు రెండు వేళ్లతో పట్టి లాగి వదిలాను. ఒంట్లో నీరున్న పిల్లకైతే ఆ తోలు చిటికెలో సర్దుకుంటుంది. దీనికి లేచింది లేచినట్టే నిలబడిపోయింది.

నాకు తెలుసు. అప్పుడు ఏమనుకున్నానో కూడా బాగా గుర్తుంది. దీన్ని తీసుకెళ్లనీ. రేపటికి కక్కుకుంటుంది. అప్పుడు వీడు పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వస్తాడు, కాళ్లావేళ్లా పడతాడు. సెలైన్ పెట్టి నేనే బతికిస్తాను. ఇలాంటి వాటిని ఇదివరకు బతికించాను కూడా. అప్పుడు చెప్పు, సంచీ మోసేవాణ్ణో కాదో.

"బాగుంది. తీసుకో," అన్నాను.

వాడి మొహం చూడాల్సింది. కుక్కపిల్లని ఎదకి హత్తుకుని కారు దాకా చెప్పుల్లేకుండా నడిచాడు. చెప్పులు అక్కడే మర్చిపోయాడు, నేనే వెనక్కి వెళ్లి తెచ్చాను. నర్సీపట్నం చేరేదాకా అది వాడి ఒళ్లో కదలకుండా పడుకుంది. "ఎంత బుద్ధిమంతురాలో సూడరా. కొత్తన్నదే నేదు," అంటున్నాడు. ఎర్ర పట్టీ మొదటి కన్నానికి కట్టాడు. అదీ వదులే.

అనుకున్నట్టే తెల్లవారి ఫోనొచ్చింది. నా బ్యాగు ముందే సర్ది ఉంది.

తోటలో పాక ముందు చాప మీద పెట్టుకుని కూర్చున్నాడు. కక్కుతోంది, నెత్తురు విరేచనాలు. వాడి తువ్వాలుతోనే తుడుస్తున్నాడు. నేను నరం వెతికి సెలైన్ పెట్టాను. సీసా మేకుకి తగిలించరా అంటే వినలేదు. మేకుకైతే చుక్క ఆగిపోయినా తెలీదట. తనే చెయ్యెత్తి పట్టుకు నిలబడ్డాడు. కుడి చెయ్యి నొప్పి పెడితే ఎడమ చెయ్యి. "ఇది బతుకుతాది కదరా డాక్టరూ?" అన్నాడు. వేళాకోళం కాదు. ఆ మాట కోసమే కదా నేను ఇదంతా చేసింది. వచ్చింది. దాన్ని పట్టుకుని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"బతుకుతుంది," అన్నాను.

నాకు తెలిసిందంతా చేశాను. ఇది మాత్రం అబద్ధం కాదు. ఆసుపత్రికి సెలవు పెట్టాను, ఉన్న మందులన్నీ తెచ్చాను, అనకాపల్లి నుంచి లేనివి తెప్పించాను. ఒక పూట ఆలస్యమైంది. ఆదివారం మధ్యాహ్నం ఏటికొప్పాకలోనే మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. చెప్పలేనని అనడం కూడా నన్ను నేను కాచుకోవడమే.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం అది ఏడ్చింది. తెచ్చాక నోరు విప్పడం అదే మొదటిసారి. సన్నగా మొదలై, పెద్దదై, ఆగకుండా ఏడ్చింది. కాళ్లు చాచి బిగదీసుకుంది. నాకు అర్థమైంది. రైతు మాత్రం సీసా పట్టుకున్న చెయ్యి దించకుండా, మొహమంతా వెలిగిపోతూ నా వైపు తిరిగాడు.

"ఏడుస్తున్నాదిరా! నువ్వే కదేటి సెప్పేవు, ఆరోగ్యమున్న పిల్లే ఏడుస్తాదని. మలుపు తిరిగినట్టే కదా? సెప్పరా, తిరిగినట్టే కదా?"

రావికమతంలో వాడు ఆ మాట విన్నాడన్నమాట. నవ్వాడు, వెక్కిరించాడు, కానీ విని దాచుకున్నాడు. అయిదు నిమిషాలకి ఏడుపు ఆగింది. వాడు ఇంకా చాలాసేపు సీసా పట్టుకునే ఉన్నాడు. చుక్కలు పడుతూనే ఉన్నాయి. చివరికి నేనే సూది తీసి వాడి చెయ్యి కిందికి దించాను.

"నా సెయ్యి మంచిది కాదురా," అన్నాడు. "నా దగ్గరకొచ్చింది ఏదీ ఉండదు."

కాదురా, నా చెయ్యి అనాలి. అనలేదు. జీడిచెట్టు కింద గొయ్యి తీశాం. పట్టీ విప్పి, కడిగి, పాకలో దూలానికి తగిలించాడు. వాడింకే కుక్కనీ తెచ్చుకోలేదు. నాటుకుక్కైనా తెచ్చుకోరా అని సెల్‌ఫోన్లవాడు ఎన్నిసార్లు చెప్పినా, ఇంకో ప్రాణాన్ని ఎందుకు సంపడం అంటాడు. ఇప్పుడు పాకలో వాడొక్కడే.

నన్ను మాత్రం వదల్లేదు. ఎవరు కనబడినా, "ఈడు మా డాక్టరండీ. నా కుక్క కోసం మూడు రోజులు ఉద్యోగం మానీసి కూకున్నాడు," అని పరిచయం చేస్తాడు. వేళాకోళం లేదు, నిజంగానే అంటాడు. సంతలో అన్నాడు, పెళ్లిళ్లలో అన్నాడు, మా పెద్ద డాక్టరుగారి ఎదుటే అన్నాడు. ఏటా మొదట కొట్టించిన జీడిపప్పు మా ఇంటికే తెస్తాడు. మా ఆవిడ పాయసంలో వేస్తుంది. నేను ఏరి పక్కన పెడతాను, పళ్లు నొప్పని చెబుతాను.

ఆ కుక్కపిల్లకి ఫోటో లేదు. సెల్‌ఫోన్లవాడు ఏటికొప్పాకలో తీసిన వీడియో ఒకటే ఉంది. అది రైతు తన ఫోన్లో ఎక్కించుకున్నాడు, ఇష్టమొచ్చినప్పుడల్లా చూసుకుంటాడు. పక్కన నేనుంటే నాకూ చూపిస్తాడు. తెల్ల పొట్టులో నాలుగు పిల్లలు ఏడుస్తుంటాయి. నా చేతులు అయిదోదాన్ని పట్టుకుంటాయి. రెండు వేళ్లు తోలు పట్టి లాగి వదులుతాయి. ఆ తోలు అలాగే నిలబడి ఉంటుంది. తర్వాత నా గొంతు: బాగుంది, తీసుకో.

"ఎంత జాగర్తగా సూసేవురా," అంటాడు వాడు ప్రతిసారీ.

మొన్న మళ్లీ చూస్తూ, వీడియో ఆపి, తెర మీద వేలు పెట్టాడు. "ఒరే డాక్టరూ, ఇన్నిసార్లు సూసేను గానీ ఇప్పుడే కనబడ్డాది. ఈ తోలేటి, నువ్వు వదిలీసినా లేచి అలాగే ఉండిపోనాది?"

ఏళ్ల తర్వాత మళ్లీ నన్నే అడిగాడు. ఈసారీ నేనేం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

"చిన్నపిల్లలకి అలాగే ఉంటుందిరా," అన్నాను.