వంటింటి తలుపు వెనక అమ్మ

మొన్న గాజువాకలో ఒక షాపులో వేపనూనె సీసా మూత తీయగానే నా నాలుక చేదెక్కింది. చిన్నప్పుడు నేను గోళ్ళు కొరుకుతానని అమ్మ రోజూ నా వేళ్ళకు ఆ నూనె రాసేది.

అప్పట్లో నాకు అమ్మ మీదే అనుమానం. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేస్ దగ్గర నైట్ షిఫ్టు చేసేవాడు. పొద్దున ఆయన బస్సు ఆలస్యమైతే చాలు, అమ్మ వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకునేది. నాకు పెట్టకుండా బెల్లం తింటోందని నా నమ్మకం. తర్వాత డబ్బా తీసి చూసేదాన్ని. బెల్లం తగ్గేది కాదు. దాంతో అనుమానం ఇంకా పెరిగింది.

ఒకరోజు రోడ్డు మీద అంబులెన్సు మోత వినిపించింది. వెంటనే వంటింటి తలుపు పడింది. నేను చప్పుడు కాకుండా తోశాను. అమ్మ కిటికీలోంచి రోడ్డు చూస్తూ బొటనవేలి గోరు కొరుకుతోంది. గోరు పక్కన నెత్తురు.

"ఏటి సేత్తన్నావమ్మా?"

అమ్మ ఉలిక్కిపడి చెయ్యి కొంగులో దాచుకుంది. "ఏటీ నేదు. మీ నాన్న బస్సు ఇంకా రానేదు," అంది.

వెళ్ళి పక్కన నిలబడ్డాను. నా వేలూ నోట్లోకి వెళ్ళింది. అమ్మ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

కాసేపటికి నాన్న సందు మలుపులో కనిపించాడు. బస్సు టైరు పంక్చరైందట. అమ్మ గబగబా మొహం కడుక్కుని, ఏమీ జరగనట్టే టీ పెట్టింది.

నేను గోళ్ళు కొరకడం చూసి, బళ్ళో నన్నెవరో భయపెడుతున్నారని అమ్మ చాలాకాలం అనుమానించింది. ఆ భయం ఆమె దగ్గరే నేర్చుకున్నానని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.