మా వాడలో వేయని దండోరా

మాది ఏర్పేడు దగ్గర ఒక ఊరి దళితవాడ. వాడ ముందు హైవే వెడల్పు చేసేటప్పుడు, అండర్‌పాస్ ఎక్కడ కావాలో జనాన్ని అడగడానికి గ్రామసభ పెట్టారు. ఆ సభకు దండోరా వేసింది మా నాయనే. పంచాయతీ కబురు రాగానే డప్పు పలకను మంటకు కాచుకుని ఊళ్లో ప్రతి వీధిలో చాటి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నాడు. మా వాడలో ఒక్కరికీ చెప్పలేదు.

తర్వాత నిలదీస్తే, "ఊళ్లో వెయ్యమన్నారు, వేసినాను. ఈడ వెయ్యమని ఎప్పుడన్నా సెప్పినారా పాపా?" అన్నాడు. కోపం రాలేదని చెప్పను. కానీ ఆయన ఇన్నేళ్లు చాటిన కబుర్లేవీ మాకోసం కాదు. ఇదొక్కటీ మాదని ఆయనకెలా తెలుస్తుంది?

మా వల్లకాడు రోడ్డుకు అవతల ఉంది. వాడకు ఎదురుగా దారి వదిలితే చాలు, పాడె మోసుకుపోతాం. సభకు పోయినవాళ్లు మామిడితోటల దగ్గర అడిగారు. అండర్‌పాస్ అక్కడే కట్టారు. మా ఎదురుగా రోడ్డు మధ్యన నడుమెత్తు గోడ లేచింది.

హైవే ఆఫీసుకు పోయాను. ఇంజనీరు నన్ను కూర్చోమనలేదు.

"అందరికీ చెప్పినామమ్మా. దండోరా కూడా వేయించినాం."

"మా వాడలో వేయలేదు సార్."

"వేసినోడు మీ వాడోడే కదా?"

పక్కనున్న గుమస్తా నవ్వి, "మైకు ఇంట్లోనే పెట్టుకుని ఇనపడలేదంటే ఎట్లమ్మా?" అన్నాడు. ఆ గుమస్తా ఇప్పుడు బదిలీ మీద తిరుపతిలో ఉన్నాడు. ఉండనీ, నేను మరిచిపోలేదు.

మొన్న మా ఎదురింటి అవ్వ పోయింది. అండర్‌పాస్ దాటితే దారి మామిడితోటలోకే. పాడెతో అక్కడిదాకా పోతే, తోటవాళ్లు గేటు వేసి, శవాన్ని తమ తోటలోంచి పోనిచ్చేది లేదన్నారు. వెనక్కి తిరిగి వాడ ముందుకే వచ్చాం. నేను రోడ్డు మీదికి దిగి, చేతులు చాచి నిలబడ్డాను. లారీ డ్రైవరు తల బయటపెట్టి, "ఏమ్మా, సచ్చేదానికి నా బండే దొరికిందా?" అని అరిచాడు.

"సచ్చింది నేను కాదప్పా, మా అవ్వ. రవ్వంత నిలబడు."

అతను బండి ఆపాడు. మావాళ్లు పాడెను గోడమీదికెత్తి, ముందే అవతలికి దూకినవాళ్ల చేతులకు అందించారు. అవ్వ తల ఒకవైపుకు ఒరిగింది. ఆమె కూతురు పరుగెత్తి పట్టుకుంది.

మరునాడు మళ్లీ ఆఫీసుకు పోయి, గోడలో దారి పెట్టమన్నాను. "ప్లాన్‌లో లేదు" అన్నారు. ప్లాన్ గీసేటప్పుడు మమ్మల్ని అడిగితే కదా ఉండేది! మా వాడకు వచ్చి అడిగి, మళ్లీ గీయమన్నాను. చూస్తామన్నారు. చూసేదాకా పోతూనే ఉంటాను. నాయనకు ఈమధ్య మంచం దిగే ఓపిక లేదు. ఆయన్ను మాత్రం ఆ గోడమీంచి ఎత్తనివ్వను.