కైలాసం కాక మూడు చుట్లు

మా కైలాసం కాకకున్నది ఒకటే రోగం: చుట్టింది విప్పడం. జమ్మికుంటలో బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి వైండింగ్ చేస్తాడు. మోటారు తయారైందని రైతు సంబరపడేలోపు, "జర ఆగు, మూడు చుట్లు ఎక్కువైనయ్" అని మొత్తం విప్పేస్తాడు.

"మూడే విప్పరాదే కాకా?" అని ఒకసారి అడిగాను.

"గా మూడు ఏవో ఎట్ల ఎర్కైతది?"

బుద్ధి గడ్డితిని నేను ఈయన్ను గిటార్ పికప్ చేసిమ్మన్నాను. తీగల కింద అయస్కాంతానికి వెంట్రుకంత సన్నని రాగి తీగ వేల చుట్లు చుడితే అది పికప్; తీగల మోతను స్పీకరుకు అందించేది అదే. పవర్‌లూమ్‌లో పడి నా ఎడమచేతి వేళ్లు వంగడం మానేశాక, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్లు నన్ను పక్కన పెట్టారు. వంగని వేలికి దగ్గు మందు సీసా తొడిగి, తీగల మీద జారిస్తూ వాయించడం మొదలుపెట్టాను. గిటార్‌కున్న కొత్తరకం పికప్‌లో అది రేకు గీకినట్టుండేది. పాతకాలపు పికప్‌లాగా మెత్తగా సాగాలి. శ్రావణంలోగా వినిపిస్తేనే మళ్లీ చేర్చుకుంటామన్నారు.

కాక చుట్టి, బిగించి, వాయించమన్నాడు. విన్నాడు.

"కుక్కర్ కూసినట్టున్నది. మూడు చుట్లు ఎక్కువైనయ్. మల్ల ఐతారం రా." పికప్ ఊడదీసి లోపలికి పట్టుకుపోయాడు.

మరుసటి వారం, "మేకను బస్సెక్కిచ్చినట్టున్నది. మూడు చుట్లు!"

ఇలా ఎనిమిది ఆదివారాలు. వచ్చినప్పుడల్లా రెండు గంటలు వాయించాలి. శ్రావణం దగ్గరపడుతోంది, నాకు ఒళ్లు మండేది. కానీ వారం వారం మోత మెత్తబడుతున్న మాట నిజం. ఎనిమిదో వారం కాక పికప్ ఊడదీయలేదు. ముక్కు చీది, "ఇగ పో" అన్నాడు.

ఆర్కెస్ట్రా వాళ్లు నన్ను మళ్లీ తీసుకున్నారు! గిటార్‌తోనే మిఠాయి పట్టుకుని కాక ఇంటికి పరుగెత్తాను. కాక భార్య వినోద చిన్నమ్మ ఎదురొచ్చింది.

"ఇగ నా పప్పు డబ్బ నాకు దక్కింది బిడ్డా. గా పికప్‌ను ఐతారం తీసుడు, మల్ల పప్పుల పెట్టుడు. ఒక్క చుట్టన్న విప్పలే."

అంటే మారింది పికప్ కాదు, నా చెయ్యి. లోపలికెళ్లి కాకను నిలదీశాను.

"ముందే చెప్పకపోతివి కాకా?"

"నీ చేతికి కసరత్తు చాలదంటే మల్ల వస్తుంటివా? తప్పు నా చుట్లదంటే వస్తివి."

చుట్టింది కనబడితే చెయ్యి ఊరుకోని మనిషి, ఎనిమిది వారాలు దాన్ని విప్పకుండా ఉన్నాడు. ప్రేమంటే ఇంతకంటే ఏముంటుంది? కాళ్లకు దండం పెట్టబోయాను.

"దండాలెందుకుగని, ఇగ నీ పని అయ్యింది గదా, గిటార్ ఇటు తే. నిజంగనే మూడు చుట్లు ఎక్కువున్నయ్."

గిటార్ చంకన పెట్టుకుని బస్టాండు దాకా ఆగలేదు.