వెదురు మీది ఎర్రపేలిక

మా అక్క పోచవ్వకు గాలంటే పడదు. పుట్టుకతో వచ్చిన గుణం కాదది, బీడీలు నేర్పిన గుణం. ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో బీడీలు చేసే ఆడవాళ్లందరూ అంతే. ఒళ్లో చాట, చాటలో తంబాకు. కాస్త గాలి తోలిందా, తంబాకు ఎగిరి కళ్లల్లో పడుతుంది, కత్తిరించిన తునికాకు ఎండి విరిగిపోతుంది. అందుకని ఎండాకాలంలో కూడా తలుపులు మూసి, ఫ్యాను ఆపి కూర్చుంటారు. మా అక్క ఇంకా రెండాకులు ఎక్కువే చదివింది. తను కూర్చునే గదికి ఉన్న ఒక్క కిటికీనీ ఇటుకలతో మూయించింది.

"ఇది ఇల్లా, వడ్ల గుమ్మా?" అని తిట్టేదాన్ని.

"గాలి మెక్కితే కడుపు నిండుతదా? నోర్మూసుకొని ఆకు కత్తిరియ్యి" అనేది.

ఆ గదిలో తంబాకు పీల్చుకుంటూనే మొగుడు పోయాక సంసారం ఈదింది, కొడుకు మహేందర్‌ను పెంచింది, మనవరాలు నిహారికను కామారెడ్డి కాలేజీ దాకా పంపింది. పోయినేడు ఊపిరితిత్తులు జవాబిచ్చేశాయి. ఆక్సిజన్ మిషన్ లేకపోతే ఈమె బతకదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అప్పటినుంచి వసారాలో మంచం, ముక్కుకు గొట్టం, పక్కన గుర్రుమనే ఆ మిషన్.

మిషన్‌కు కరెంటు కావాలి. మా దిక్కు గాలివాన వస్తే ముందు పోయేది కరెంటే. తీగ తెగితే ఎప్పుడు అతుకుతారో వాళ్ల దయ, మన ప్రాప్తం. ఇన్వర్టర్ పెట్టారు గానీ దాని బ్యాటరీ సగం పూట కూడా ఆగదు. మబ్బు పట్టిందంటే చాలు, మహేందర్‌కు అన్నం సహించేది కాదు.

వాడు ట్రాక్టర్ నడుపుతాడు. ఒకరోజు పిట్లం నుంచి కొత్త ముచ్చట మోసుకొచ్చాడు.

"చిన్నమ్మా, ఇంటికాడ గాలిమర పెట్టుకుంటే బ్యాటరీలు నిండుతయట. మనకు కరెంటు పోయేది వానలనే గదా. మబ్బుల ఎండెక్కడిది? గాలైతే ఉంటది."

అమ్మేవాడు కాస్త నీతిమంతుడే. 'ముందు మీ ఇంటి మీద గాలి ఎట్లా ఉందో చూసుకోండి, గాలి నిలకడగా లేని చోట పెడితే అది ఉత్త బొమ్మ' అన్నాడట. అందుకని మహేందర్ వాకిట్లో ఇంటికంటే ఎత్తుగా వెదురుబొంగు పాతి, కొనకు పాత చీర చింపి ఎర్రపేలిక కట్టాడు. వాడూ భార్యా పొద్దున్నే పనికి పోతారు. మంచంలో పడుకుని వాకిలి చూస్తూ ఉండేది అక్క ఒక్కతే. పేలిక ఆడుతుందా లేదా చూసి రోజూ చెప్పే పని ఆమెకే పడింది.

ఇంతలో నిహారిక ఒక పని చేసింది. గాలిమరకు తన వంతు సాయం అంటూ కాలేజీ మానేసి, అటక మీది చాట దించింది. ఆ ఇటుకల గదిలో తలుపేసుకుని బీడీలు మొదలుపెట్టింది.

నేను వెళ్లేసరికి అక్క ఏడుస్తోంది.

"నా తర్వాత ఈ ఇంట్ల ఎవ్వలూ చాట ముట్టొద్దని ఒట్టు పెట్టుకున్ననే!"

లోపలినుంచి పిల్ల అరిచింది. "గాలిమర వచ్చేదాంకనే నాయనమ్మా! తర్వాత కాలేజీకి పోత!"

"చూసినవా? నేనూ గిట్లనే అనుకున్న. మహేందర్ నడిచేదాంకనే అనుకున్న. వాడు బడికి పోయేదాంకనే అనుకున్న." దగ్గు తెర అందుకుని ఇక మాట రాలేదు.

పేలిక సంగతి మాత్రం రోజూ ఒకటే కబురు. "ఆడలే బిడ్డా. ఉలుకు లేదు, పలుకు లేదు."

మహేందర్ పొద్దున చూసినా, సందెవేళ చూసినా అది వేలాడుతూనే కనిపించేది. "పిట్లంల టోపీ ఎగిరిపోతున్నది, మనింటి మీద గాలికేమైందే అవ్వా?" అని మొత్తుకునేవాడు.

"మనది పల్లంల ఉన్న ఇల్లురా. గాలి పైనుంచి పోతది."

నేను ఊరుకోలేదు. "బతుకంత గాలిని ఎల్లగొట్టినవ్. ఇప్పుడు రమ్మంటే వస్తదా?" అన్నాను. అక్క పడీపడీ నవ్వింది. అంత నవ్వు ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఆఖరికి గాలిమర వద్దనుకున్నారు. నిహారిక చాట అటకెక్కించి కాలేజీ బస్సెక్కింది. ఆ రోజు అక్క నాతో పచ్చిపులుసు చేయించుకుని, గొట్టం పక్కకు జరుపుకుంటూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నది.

తర్వాత పెద్ద గాలివాన వచ్చింది. మధ్యాహ్నమే కరెంటు పోయింది. స్తంభాలే పడిపోయాయన్నారు. బ్యాటరీ అయిపోవస్తుంటే అంబులెన్సుకు ఫోన్ చేశారు. దారిలో చెట్టు విరిగి పడి అది అవతలే ఆగిపోయింది. ట్రాక్టర్ మీద తీసుకుపోదామని మహేందర్ ఎత్తుకుని వాకిలి దాటే లోపే అక్క వాడి చేతుల్లో ప్రాణం వదిలింది. బయట అంత గాలి, ఆమెకు ఒక్క గుక్క అందలేదు.

మర్నాడు పాడెకు వెదురు కావలసి వచ్చింది. మహేందర్ వాకిట్లో బొంగు పీకి పడుకోబెట్టాడు. పేలిక విప్పబోయి ఆగిపోయాడు. అది పేలికగా లేదు. అంచులు పోగులు పోగులుగా లేచిపోయి, ముడి దగ్గర బెత్తెడు గుడ్డ మిగిలింది.

"నిన్నటి గాలికే అయిందేమోరా" అన్నాను.

"కాదు చిన్నమ్మా. ఒక్కరోజు గాలికైతే చినుగుతది. గిట్ల అరగదు. గాలి లేకుంటే ఇదెట్ల అరిగింది? అవ్వ గిదంతా చూసుకుంటనే..." బొంగు పక్కనే కూలబడ్డాడు.

నిహారిక నా వైపు తిరిగింది. "చిన్నవ్వా, నాయనమ్మ ఎందుకు అబద్ధమాడింది?"

దాచిపెట్టే ఓపిక నాకు లేదు. "నువ్వు చాట ఇడిచిపెట్టి కాలేజీకి పోవాలెనని ఆడిందే పిల్లా" అన్నాను.

పిల్ల లోపలికి పోయింది. అటక మీది చాట తెచ్చి, ఏడుస్తూ అక్క పాదాల దగ్గర పాడె మీద పెట్టబోయింది. నాకు ఒళ్లు మండింది. గుంజుకున్నాను.

"దీన్ని ఆమెతోని పంపకు. బతికినన్నాళ్లు ఒళ్ల మోసింది, చాలు."

వాకిట్లో పడేసి, విరిగేదాకా కాలితో తొక్కాను. తర్వాత అక్క పాడెను లేపారు.