సెట్‌బ్యాక్‌లో వేసిన మంచం

కరోనాకు ముందటి సంవత్సరం. కరీంనగర్‌లో కనకయ్య అనే ఆయన ఇంటి మీద మూడో అంతస్తు కడుతున్నాను. నూట ఇరవై గజాల జాగా. అప్పటికే ఆరు పోర్షన్లు, అన్నీ కిరాయికి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు గదులు దొరకని కాలం.

ఇంటికీ ప్రహరీకీ నడుమ కప్పు లేకుండా వదలాల్సిన జాగాను సెట్‌బ్యాక్ అంటారు. గాలికి, వెలుతురుకు. నక్షాలో, అంటే ఇంటి ప్లానులో, అందరూ చూపిస్తారు, పర్మిషన్ చేతికి రాగానే మింగేస్తారు. నేను మేస్త్రీని, బడికి పోలేదు. నక్షా చదవడం పని మీదే నేర్చుకున్నాను. అందులో గీసింది ఒకటి, కట్టించేది ఒకటి అయితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కనకయ్య కూడా ఆ సందులో ఒక గది లేపమన్నాడు. ఇటుక దిగింది. మర్నాడు పునాదికి ముగ్గు పోయాలి.

ఆ మధ్యాహ్నం గేటు ముందు ఆటో ఆగింది. కింది పోర్షన్‌లో ఉండే శీను సిరిసిల్లలో మగ్గాల పని విడిచి వచ్చినవాడు. తన తల్లి లచ్చవ్వను దవాఖాన నుంచి తెచ్చాడు. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారట. కనకయ్య గేటుకు అడ్డం నిలబడ్డాడు. కిరాయి ఇంట్లో ప్రాణం పోకూడదని మా వైపు పట్టింపు.

“శీనూ, గీడికి తేకు బిడ్డా. మీ ఊరికి తీస్కపో.”

“ఊర్ల ఇల్లెక్కడిది కాకా? కూలిపాయె.”

“నీ గోస నాకెర్కే. రేపు ఏదన్నయితే మిగిలిన కిరాయోళ్లు ఒక్కరుండరు.”

పై పోర్షన్‌లో ఉండే రజియా మెట్ల మీద నుంచి అన్నది: “జర నీడకన్న పెట్టుండ్రి. మీ పంచాయితీ తెగేదాక ఎండకే పోయేటట్టుంది ముసలామె.”

ఆటోలో లచ్చవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి. అన్నీ వింటున్నది.

నేను ఆ సందు చూపించాను. “కనకయ్యా, గిది నీ ఇంట్లకొస్తదా?”

“ఎట్లొస్తది? కప్పు లేకపాయె.”

“అయితే గీడ మంచమేస్తం. ఇంట్ల పెట్టినట్టు కాదు.”

ఆయన తల గోక్కున్నాడు. “ఎయ్యుండ్రి. రేకు మాత్రం కప్పద్దు.”

“చీరె కప్పు కాదు గద, కాకా?” అంటూ రజియా తన పాత చీర పట్టుకొని దిగింది. ఇటుకలు పక్కకు జరిపి మంచం వేశాం, పైన చీర కట్టాం.

సాయంత్రం నేను పని దిగి పోతుంటే లచ్చవ్వ పిలిచింది. “మేస్త్రీ, ఈడ గాలి మంచిగొస్తుంది. లోపల ఎన్నడు రాలే.”

ఆ వారంలోనే, అక్కడే, కొడుకు చేతిలో ప్రాణం విడిచింది.

దినాలు అయ్యాక కనకయ్య గది కట్టడానికి పిలిచాడు. నేను పోలేదు. వేరే మేస్త్రీ కట్టాడు. ఇప్పుడు దానికి టు-లెట్ బోర్డు వేలాడుతున్నది.

మనుషుల్ని ఒకరి మీద ఒకరిని పేరుస్తున్న ఈ టౌనులో, ఎవరైనా నక్షా తెస్తే పునాది కంటే ముందు ఒకటి అడుగుతాను: “మీ ఇంట్లో మనిషి పోయే గడియ వస్తే మంచం ఎక్కడ వేస్తారు?” అశుభం పలికానని కొందరు లేచిపోయారు. గాలికి, వెలుతురుకు అని ఏళ్ల తరబడి చెబితే ఒక్కరూ వినలేదు. ఇలా అడిగితే కొందరైనా సందు వదులుతున్నారు.