మౌస్ వదలని చెయ్యి

ఆ రోజు ఉదయం ఆఫీసుకు తయారవుతూ చున్నీకి పిన్నీసు పెట్టుకుంటున్నాను. పిన్నీసు వేళ్ల మధ్యే ఉంది, కానీ ఉన్నట్టు తెలియడం లేదు. రెండుసార్లు జారి కింద పడింది. కుడిచేతి బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు తిమ్మిరెక్కి ఉన్నాయి. చెయ్యి విదిలించుకుని బస్సెక్కాను.

మాది మేళ్లచెరువు. సిమెంటు ఫ్యాక్టరీల యంత్రాలకు కంప్యూటర్‌లో డ్రాయింగులు వేసే ఓ చిన్న ఆఫీసులో, కోదాడలో, తొమ్మిదేళ్లుగా పని. రోజుకు పది గంటలు.

రోజులు గడిచేకొద్దీ తిమ్మిరికి నొప్పి తోడైంది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గేసింది. బాపు ఏళ్ల తరబడి సిమెంటు బస్తాలు మోసిన మనిషి. ఫ్యాను కింద కుర్చీలో కూర్చునే కూతురు చెయ్యి నొప్పి అంటే ఏమనుకుంటాడు? ఈలోగా నొప్పి భుజం మీదుగా మెడకు పాకింది. ఒకరోజు అన్నం ముద్ద చేతిలో నిలవలేదు. బాపు చూశాడు.

"ఎన్ని రోజుల సంది గిట్లున్నది, బిడ్డా?"

"ఐదారు నెలలాయె."

తెల్లారి బాపే నన్ను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు.

నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. చేతి పొడవునా కరెంటు చురుక్కుమనిపించి చూశారు. "కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. మణికట్టు దగ్గర నరం నలుగుతోందమ్మా. మణికట్టు కదలకుండా ఈ స్ప్లింట్ పట్టీ వేసుకో. ఆరు వారాలు మౌస్ ముట్టకు" అన్నారు డాక్టరుగారు.

ఆఫీసులో జ్వరమని చెప్పి పది రోజులే ఆగాను. నా సీట్లో వేరేవాళ్లను కూర్చోబెడతారని భయం. స్ప్లింట్ తీసి బ్యాగులో పడేసి పనిలో కూర్చున్నాను. నెల తిరగకముందే నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయాను. ఈసారి మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. "దీనికీ తగ్గకపోతే సర్జరీనే" అన్నారు.

ఇంటికొచ్చి బాపు ముందు ఏడ్చాను. "నువ్వు బస్తాలు మోసినవు. నేను కూసొని చెయ్యి పాడుచేసుకున్న."

"బస్తా దించినంక జర నిలబడి ఊపిరి తీసుకునేటోళ్లం. బరువుంటది గద, దించుడు యాదికుంటది. నీ దాన్కి బరువు లేదు. నువ్వు దించుతనే లేవు" అన్నాడు బాపు.

మర్నాడు ఆఫీసులో మా సారుకు అన్నీ చెప్పాను. "గీ మాట ముందుగాల చెప్పొద్దా? నాకూ మెడ పట్టేస్తనే ఉన్నది" అని, రెండు నెలలు కాగితం మీద డ్రాయింగులు సరిచూసే పని ఇచ్చారు. ఫిజియోథెరపీకి వెళ్లాను. స్క్రీన్ కళ్ల ఎత్తుకు పెంచుకున్నాను. మోచేతికి ఆసరా పెట్టుకున్నాను. చిన్నపిల్లలా ఎడమచేత్తో మౌస్ నేర్చుకున్నాను.

ఇప్పటికి రెండేళ్లు. సర్జరీ తప్పింది. మధ్యవేలి కొసకు మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు, ఇక రాదేమో. మునుపటంత వేగం లేదు. సాయంత్రం కాకముందే ఒళ్లు అలసిపోతుంది.

ఈ పని చేసేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తిమ్మిరి వచ్చేదాకా ఆగకండి. అరగంటకోసారి మౌస్ వదిలి, నాలుగడుగులు వేసి రండి. గీత సగంలో ఉన్నా సరే, లేవండి. మీరు తిరిగొచ్చేసరికి అది అక్కడే ఉంటుంది.