చిసోమో పక్కన నడిచిన మనిషి

దయ్యాల కబుర్లు ఎవరైనా నా ముందు మొదలుపెడితే వాళ్ళకు మా ఇంట్లో ఆ పూట టీ దొరకదు. బాపట్లలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకుంటూ జుట్టు నెరిసినదాన్ని. మా కాలేజీ ల్యాబులో ఏవో చప్పుళ్ళు వస్తున్నాయని అటెండరు వణికిపోతే, కిటికీ సందులోంచి వచ్చే గాలికి గాజు గొట్టాలు ఒకదానికొకటి తగులుకుంటున్నాయని స్టూలెక్కి మరీ చూపించాను. మేం లూథరన్‌లం. నాకు పరిశుద్ధాత్మ ఒక్కటి చాలు, మిగతా ఆత్మలతో పని లేదని మా పాస్టరు గారి ముఖం మీదే అన్నాను.

ఇదంతా ఎందుకంటే, కింద రాసింది చదివి ఈవిడకు చాదస్తం అని ఎవరూ తేలిగ్గా తీసిపారెయ్యకూడదని. తీసిపారెయ్యాలంటే నాకు తోచని కారణం ఒకటి చూపించి తీసిపారెయ్యండి. నేనూ సంతోషిస్తాను.

మా మేడ మీద గదిలోకి చిసోమో అద్దెకు దిగింది. ఆఫ్రికాలో మలావీ దేశం. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ చదవడానికి స్కాలర్‌షిప్ మీద వచ్చింది. సొంతంగా వండుకుంటానని హాస్టల్ వద్దంది. చిసోమో అంటే వాళ్ళ భాషలో కృప అట. పొట్టిగా, బొద్దుగా ఉండేది. నవ్వితే ముఖమంతా నవ్వేది. కానీ మొదట్లో ఆ నవ్వు మాకు కనిపించిందే తక్కువ.

మా వీధికి ఆ పిల్ల మీద ఉన్నన్ని సందేహాలు నా క్లాసులో ఏ పిల్లాడికీ ఎప్పుడూ రాలేదు. ఆ జుట్టు నిజమైనదేనా, అన్నం తింటుందా, ఏం దేవుడు. ఎదురింటావిడ అయితే, “చీకట్లో ఆ పిల్ల ఎదురొస్తే భయం వెయ్యదా అండీ?” అంది. “మిమ్మల్ని పట్టపగలు చూస్తేనే వేస్తోంది, ఏం చెయ్యమంటారు?” అన్నాను. ఆ తరువాత చాలా రోజులు ఆవిడ మా ఇంటికి కరివేపాకుకు రాలేదు.

వీధిలో నోళ్ళు నేను మూయించగలను. బజారులో ఎవరు మూయిస్తారు? పిల్లలు వెనకాల పడేవాళ్ళు. మగపిల్లలు ఫోను పైకెత్తి ఫోటోలు తీసేవాళ్ళు. ఆటోవాళ్ళు నోటికొచ్చింది అడిగేవాళ్ళు. కూరల సంచి తీసి చూస్తే సగం పుచ్చులు. నా క్లాసులు, ఇంటి పని, ట్యూషన్లు, వీటి మధ్య ప్రతిసారీ నేను వెంట వెళ్ళలేకపోయాను. ఆ పిల్ల మెల్లగా బయటికి పోవడం మానేసింది. మొక్కజొన్న పిండిని గట్టిగా సంకటిలా వండుకుని, ఉప్పు నంజుకుని తినేది.

ఒక ఆదివారం మేడమెట్ల మీద కూర్చుని, సెమిస్టర్ పరీక్షలయ్యాక ఇంటికి వెళ్ళిపోతానని చెప్పింది. స్కాలర్‌షిప్ ఒకసారి వదులుకుంటే మళ్ళీ ఇవ్వరు. అది ఆ పిల్లకూ తెలుసు. వాళ్ళ ఊరి నుంచి ఇంత దూరం చదువుకు వచ్చింది తనొక్కతే.

“అందరూ చూస్తారు ఆంటీ. ఎవరూ మాట్లాడరు,” అంది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులో. నేను తెలుగులో రాస్తున్నాను.

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు, ఊరి మీద.

ఆ తరువాత ఎప్పుడు మారిందో నాకు సరిగ్గా తెలియదు. ఒకరోజు నేను కాలేజీ నుంచి వచ్చేసరికి వంటింటి గుమ్మంలో నిలబడి సంచి చూపిస్తోంది. నవనవలాడే వంకాయలు, లేత బెండకాయలు, పైన ఊరికే ఇచ్చిన కొత్తిమీర కట్ట. ఆటో అతను చెప్పిన డబ్బులే తీసుకున్నాడట. “మీ ఊరివాళ్ళు మంచివాళ్ళు ఆంటీ, నాకే భయం ఎక్కువైంది,” అంది. ఆ రోజు నవ్వింది, ముఖమంతా.

పుట్టి బుద్ధెరిగాక ఈ ఊళ్ళో నాకు పోట్లాడకుండా ఎవరూ కొత్తిమీర ఇవ్వలేదు. అయినా పిల్ల నవ్వుతోంది కదా అని ఊరుకున్నాను.

ఆ వారమే కూరల మరియమ్మ నన్ను ఆపింది. మా అమ్మ ఉన్నప్పటి నుంచీ మాకు కూరలు ఇస్తున్న మనిషి.

“మేడమ్ గారూ, మీ మేడ మీద పిల్లతో వచ్చే ఆ పెద్దావిడ ఎవరండీ?”

“ఏ పెద్దావిడ?”

“అదేనండి, పొడుగ్గా ఉంటది. పచ్చ చీర, చెంగు తలమీదుగా కప్పుకుని, కాళ్ళకి చెప్పుల్లేకుండా. మాటాడదండి. పిల్లకి ఎడం పక్కన నిలబడి నా చేతులకేసి చూస్తా ఉంటది. ఆవిడ చూస్తంటే పుచ్చు వంకాయ సంచిలో వెయ్యబోయి మళ్ళీ తీసేశానండి.”

“అంటే ఇన్నాళ్ళూ నాకు వేస్తున్నావన్నమాట.”

“అబ్బే, మీకెందుకేస్తానండీ,” అంది మరియమ్మ. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఇంటికి వెళ్ళి చిసోమోను మామూలుగా అడిగాను, బజారుకు ఎవరితో వెళుతున్నావని. ఒక్కదాన్నేనని గర్వంగా చెప్పింది. అబద్ధమాడే పిల్ల కాదు. మరియమ్మకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాను.

మరి ఆటో బాజీకి ఏం తగిలినట్టు? అతనూ అదే మాట అన్నాడు. చిసోమో, పచ్చ చీర పెద్దామె ఇద్దరూ ఎక్కారట. “పెద్దామె ఎక్కితే ఎక్కువ అడగబుద్ధి కాలేదమ్మా,” అన్నాడు. దిగడం చూశావా అంటే, వెనక ఎవరో హారన్ కొట్టారని, చూసుకోలేదని అన్నాడు. జిరాక్స్ షాపతను కొత్తగా తెనాలి నుంచి వచ్చినవాడు. మరియమ్మ ఎవరో, బాజీ ఎవరో అతనికి తెలియదు. అతను ఆవిడకు కూర్చోమని స్టూలు వేశాడట. కూర్చోలేదట.

నా నోటి వల్ల ఊళ్ళో నాకు శత్రువులు లేకపోలేదు. అందరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారేమో అని కూడా ఆలోచించాను. అందుకే జిరాక్స్ అతన్ని, “ఎర్ర చీర కట్టుకున్నావిడ కదా?” అని అడిగాను. “కాదండి, పచ్చ,” అన్నాడు. బాజీని, “చేతిలో కర్ర ఉందా?” అన్నాను. “లేదమ్మా, నిటారుగానే నడుస్తారుగా,” అన్నాడు.

చిసోమో వాళ్ళ అమ్మమ్మ పోయిందని తెలుసు. ఆ ఫోటో ఏదో వంక పెట్టి నా ఫోనులోకి వేయించుకుని మరియమ్మకు చూపించాను. “ఈవిడ కాదండి, ఈవిడ లావు,” అంది. పోనీ మా అమ్మా అని అడగడానికి నాకు సిగ్గేసింది, అయినా అడిగాను. “మీ అమ్మగారు నాకు తెలవదా అండీ!” అని విసుక్కుంది. మరి మన మనిషా, ఆ పిల్ల తాలూకు మనిషా, రంగెలా ఉంది అని అడిగాను. “అది చూళ్ళేదండి,” అంది మరియమ్మ. “ఆ పిల్ల మనిషిలాగే ఉందండి. మన మనిషిలాగా కూడా ఉంది.”

అప్పటి నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. స్టవ్ మీద పాలు పొంగి పోయేవి. బోర్డు మీద సగం లెక్క చేసి కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడేదాన్ని. గేటు చప్పుడైతే చాలు, వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేదాన్ని. ప్రతిసారీ ఒక్క చిసోమోనే.

ఒకరోజు సెలవు పెట్టి ఆ పిల్ల వెనకాలే బజారుకు వెళ్ళాను. ఒక్కతే నడిచింది. నాకు ఏ పచ్చ చీరా కనిపించలేదు. కానీ ఒకటి చూశాను. ఎదురొచ్చేవాళ్ళ చూపు ముందు ఆ పిల్ల మీద పడేది. తరువాత ఆమెకు ఎడమ పక్కకు, కాస్త పైకి వెళ్ళేది. అక్కడి నుంచి దిగిపోయేది. టీ కొట్టు దగ్గర ఒక కుర్రవాడు ఫోను పైకెత్తాడు. ఆ పక్కకు చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని, పెద్దవాళ్ళు ఎదురుపడ్డట్టు సిగరెట్టు వెనక్కి దాచుకున్నాడు.

మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి, “ఆ పిల్లతో అనకు. బెదిరిపోయి ఇవాళే పెట్టె సర్దుకుంటుంది. జీవితంలో ఈ ఒక్క విషయంలో నోరు మూసుకో, చాలు,” అన్నాడు. ఇంకో సందర్భంలో అయితే ఆ మాటకు ఆయనకు రెండు రోజులు అన్నం ఉండేది కాదు.

రేపల్లెలో మా చెల్లెలి కూతురికి ప్రధానం జరిగితే చిసోమోను కూడా తీసుకెళ్ళాను. పరీక్షలు దగ్గరపడ్డాయి. ఉంటుందో వెళుతుందో ఇంకా తేల్చలేదు. నలుగురిలో తిరిగితే మనసు మారుతుందని నా ఆశ. తెనాలిలో దిగి రేపల్లె పాసింజరు ఎక్కాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. చిసోమో కిటికీ పక్కన కూర్చుంది. నేను ఎదురు సీటులో. రైలు కదిలే లోపల పెట్టె కిక్కిరిసిపోయింది. జనం నిలబడ్డారు, గుమ్మంలో వేలాడారు.

చిసోమోకు ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. అందులో ఎవరూ కూర్చోలేదు.

ఎండుచేపల గంపతో ఒకామె ఎక్కింది. ఆ జాగా ముందుకొచ్చి నిలబడి, “పెద్దమ్మా, కాస్త జరుగుతావా?” అంది. కొంచెంసేపు చూసింది. “సర్లే, కూర్చో తల్లీ, నేను కింద కూర్చుంటాలే,” అని గంప పక్కన నేల మీద చతికిలబడింది.

రైలు సాగాక చిసోమో నిద్రపోయింది. తల ఎడమ పక్కకు వాలింది. మనం బస్సులో తెలియనివాళ్ళ భుజం మీదికి వాలిపోతామే, అలా. రైలు కుదిపింది, బ్రేకు వేసింది, మళ్ళీ ఊపుకుంటూ బయలుదేరింది. నిద్రపోయే మనిషి తల ఉలిక్కిపడి పైకి లేవాలి, లేదా ఇంకా కిందికి జారాలి. ఆమె తల ఉన్నచోటే ఉంది, ఆనించి పెట్టినట్టు. మెడ పట్టేసిందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. గురుత్వ కేంద్రం గురించి పిల్లలకు ఇన్నేళ్ళుగా చెబుతున్నదాన్ని, ఆ వివరణ నాకే నచ్చలేదు.

చెయ్యి చాపి ఆ ఖాళీలో పెట్టి చూస్తే సరిపోయేది. ఎంతసేపు, అరక్షణం. పెట్టలేకపోయాను. భయమంటే ఒప్పుకోను. మర్యాద అనుకోండి.

రేపల్లెలో అలాంటిదేమీ జరగలేదు. చుట్టాలెవరూ పెద్దావిడ ఎవరని అడగలేదు. చిసోమో మా చెల్లెలి పక్కన పీట వేసుకుని ఉల్లిపాయలు తరిగింది, పిల్లలకు తన భాషలో పాట ఒకటి నేర్పింది. తిరిగొచ్చే ముందు నాతో, “టికెట్ బుక్ చెయ్యడం లేదు ఆంటీ, ఉండి చదువుకుంటాను,” అంది. అంతే. నేను నోరు మూసుకున్నందుకు దక్కిన ఫలితం అనుకున్నాను.

రెండో సెమిస్టర్‌లో తెలుగు ముక్కలు పట్టేసింది. బేరాలు నేర్చింది. వాన మొదలయ్యే రోజుల్లో మరియమ్మ దగ్గరికి వెళితే, అడక్కుండానే చెప్పింది. “ఈ మధ్య ఒక్కతే వస్తందండి మీ పిల్ల. ‘ఏంటమ్మా, పుచ్చు ఇస్తావా’ అని నన్నే కసురుతంది.”

“ఆవిడ?”

“కనపళ్ళేదండి.”

నాకు హమ్మయ్య అనిపించాలి. అనిపించలేదు. ఇంటికి వస్తున్నంతసేపూ ఏదో తప్పిపోయినట్టు వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఆ సాయంత్రమే చిసోమో కిందికి వచ్చింది. చేతిలో ఖాళీ సంచి. బజారు దాకా వెళ్ళి ఏమీ కొనకుండా తిరిగి వచ్చేసిందట. ఎవరైనా ఏమైనా అన్నారా అంటే లేదంది. అందరూ బాగానే పలకరించారంది. గుమ్మానికి ఆనుకుని, తనకే అర్థం కానట్టు నెమ్మదిగా అంది: “ఇవాళ బజారులో ఒంటరిగా అనిపించింది ఆంటీ. ఇంత ఒంటరితనం నేను వచ్చిన కొత్తలో కూడా లేదు. ఎందుకో తెలియడం లేదు. ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తోంది.”

ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్పలేదు, మా ఆయన చెప్పలేదు. మరియమ్మకు ఇంగ్లీషు రాదు, ఈ పిల్ల తెలుగు బేరాల దాకానే. మరి ఎవరు పోయారని ఆ పిల్లకు బెంగ? నేను చదివిన చదువులో వెతికాను, నమ్మే బైబిలు వాక్యంలో వెతికాను. ముగ్గురు వేరువేరు మనుషులు ఒకే చీర రంగు ఎలా చెప్పారో, ఎండుచేపల ఆమె ఎవరిని జరగమందో ఎవరైనా తేల్చి చెబితే వింటాను. వాదిస్తాను కూడా.

ఆ సాయంత్రం మాత్రం వాదించలేదు. స్టవ్ ఆపేసి, ఆ పిల్ల చేతిలో ఖాళీ సంచి అందుకుని, “ఉండు, చెప్పులేసుకుని వస్తాను,” అన్నాను.